బండి వెనక కట్టిన క్యాను

2022 అక్టోబరులో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను ఒమన్‌లోని బహ్లాలో ఒక ప్రైవేటు పశువుల క్లినిక్‌లో వెటర్నరీ నర్సుగా చేరి ఏడాది దాటింది. మాది రాయచోటి వైపు పల్లె. యానిమల్ హజ్బెండ్రీ పాలిటెక్నిక్ చదివి, కొన్నాళ్లు గేదెలకూ గొర్రెలకూ సూదులు వేసి, పెళ్లయ్యాక ఒమన్ వచ్చాను. మొదట మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో ఉండేవాళ్లం. అక్కడ నా డ్యూటీ అంతా పిల్లుల గోళ్లు కత్తిరించడమే. మా ఆయన్ని కంపెనీ బహ్లా సైట్‌కు పంపినప్పుడు, బడి పిల్లల బస్సులూ మార్కెట్టూ వదిలి వెళ్తున్నందుకు ఇరుగుపొరుగు వాళ్లు నన్ను చూసి జాలిపడ్డారు. నాకైతే పిల్లుల పీడ వదిలిందనిపించింది.

బహ్లా క్లినిక్ అంటే రెండు గదులు, ముందు ఒక ఇనుప షట్టరు. పక్కన దాణా కొట్టు. వచ్చేవి ఎక్కువగా మేకలు, అప్పుడప్పుడు ఒంటెలు. ఎండలు తగ్గేసరికి సలూకీలు మొదలవుతాయి. సలూకీ అంటే ఎడారి వేటకుక్క. పొడుగు కాళ్లు, లోపలికి పోయిన కడుపు, పట్టు కుచ్చుల్లాంటి చెవులు. అడవి జంతువుల్ని వేటాడడానికి ఇప్పుడు ఇక్కడ అనుమతి లేదు. అయినా పెంచేవాళ్లు పెంపకం మానలేదు. ఎండిన తోలు ముక్కను తాడుకు కట్టి మోటారుతో లాగుతుంటే దాని వెనక పరిగెత్తిస్తారు. వేట పోయి పరుగు మిగిలింది.

ఒక మాట చెప్పాలి. చేరిన కొత్తలో ఒక యజమానితో "మీ కుక్కకు జ్వరం ఉంది" అన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. మా డాక్టర్ ఇద్రీస్, సుడాన్ మనిషి, తర్వాత నన్ను పక్కకు పిలిచి, "ఇక్కడివాళ్లు సలూకీని కుక్క అనరు, సలూకీ అనే అంటారు. మిగతా కుక్కలు వాకిలి బయట, ఇది తివాచీ మీద" అని చెప్పాడు. సరే, ఎవరి మర్యాద వాళ్లది. అప్పటి నుంచి నేనూ సలూకీ అనే అంటున్నాను.

వీటిని పరుగుకు తీసుకెళ్లేవాళ్లు తోలు ముక్క మరిచిపోయినా పరవాలేదు గానీ నీళ్లు మరిచిపోకూడదు. కుక్కలకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే వాటికి చెమట. రొప్పిన కొద్దీ ఒంట్లో నీరు పోతుంది. సలూకీ ఒక్క పరుగు తీస్తే ఒళ్లు పొయ్యిలా కాగుతుంది. అందుకని పరుగుకు ముందు కొన్ని నీళ్లు, పరుగయ్యాక ఒగర్పు తగ్గనిచ్చి మళ్లీ కొన్ని నీళ్లు, పొట్ట కింద తడిగుడ్డ. ఇంతే శాస్త్రం. దీనికి డిగ్రీ అక్కర్లేదు, ఒక క్యాను, ఒక వెడల్పాటి గిన్నె చాలు.

ఆ రోజు పొద్దున ఎండ ఎక్కుతుండగా ఒక కొత్త డబుల్ క్యాబిన్ పికప్ వచ్చి షట్టరు ముందు ఆగింది. నాసర్ అనే ఆయన సలూకీని రెండు చేతుల మీద మోసుకుంటూ లోపలికి వచ్చాడు. ఖర్జూరం తోటల ఆసామి, నలభై దాటిన మనిషి, మా క్లినిక్‌కు పాత కస్టమరే. చేతుల్లో ఉన్నది రీమ్. ఆయనకున్న మూడు సలూకీల్లో అదంటే ప్రాణం. దాని తల ఒక పక్కకు వేలాడుతోంది, నాలుక ముదురు ఎరుపుకు తిరిగింది, కళ్లు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడడం లేదు.

థర్మామీటరు పెడితే నూట ఏడు దాటింది. కుక్కకు మామూలుగా నూటొకటి, నూటరెండు ఉంటుంది. "హీట్ స్ట్రోక్" అన్నాడు డాక్టర్. వడదెబ్బ అన్నమాట. ఇలాంటప్పుడు అందరూ ఐసు ముక్కలు పొయ్యమంటారు. పొయ్యకూడదు. చర్మం కింది నరాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. కుళాయి నీళ్లతో తడిపి ఫ్యాను పెట్టాలి. నేను నీళ్లు పోస్తుంటే డాక్టర్ ముందుకాలు నరంలోకి కాన్యులా ఎక్కించాడు. సెలైన్ పెట్టడానికి నరంలో వదిలే సన్నటి గొట్టం అది. ఇంత ఎండిపోయిన ఒంట్లో నరం దొరకడమే కష్టం. రెండో ప్రయత్నానికి దొరికింది.

గుమ్మం దగ్గర ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. రీమ్‌ను చూసుకునే మస్తాన్. కడప మనిషి, ముప్పై అయిదు దాటిన వయసు, గళ్ల చొక్కా, భుజాన తువ్వాలు. వాళ్లింట్లో దక్కనీ మాట్లాడతారు, నాతో మాత్రం మన తెలుగే. అంతకుముందు టీకాలకు వచ్చినప్పుడు పరిచయం. ఊరు అడిగి, రాయచోటి అనగానే మేడం అనడం మాని అక్కా అనడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఖాళీ గిన్నె ఒకటి గుండెలకు ఆనించుకుని, "రీమమ్మా, రీమమ్మా" అని గొణుగుతూ ఏడుస్తున్నాడు. గడప మాత్రం దాటలేదు.

నాసర్ వెనక్కి తిరిగి హిందీలో అడిగాడు. "నీళ్లు పెట్టావా?"

"పెట్టాను అర్బాబ్." అర్బాబ్ అంటే ఇక్కడ యజమాని.

"పరుగుకు ముందు?"

"పెట్టాను."

"తర్వాత?"

"తర్వాత కూడా పెట్టాను. అల్లా సాక్షి."

అప్పటికే డాక్టర్ రక్తం తీసి నా చేతికిచ్చాడు. పీసీవీ చూడమన్నాడు. రక్తంలో ఎర్రకణాలు ఎంత వంతు ఉన్నాయో చెప్పే పరీక్ష అది. సన్నటి గాజు గొట్టంలో రక్తం నింపి మెషిన్లో గిర్రున తిప్పితే ఎర్రటిది కింద, నీరు పైన విడిపోతుంది. ఒంట్లో నీరు తగ్గిన కొద్దీ ఎర్రటిది పెరుగుతుంది. సలూకీలతో ఒక తిరకాసు ఉంది, వాటి రక్తం పుట్టుకతోనే చిక్కన. మామూలు కుక్క లెక్క వాటికి పనికిరాదు. అందుకే డాక్టర్ రక్తంలో ప్రోటీన్ కూడా చూశాడు. రెండూ ఒకే మాట చెప్పాయి. పొద్దున్నుంచి ఈ ప్రాణి కడుపులోకి నీరనేది పోలేదు.

డాక్టర్ ఉన్నది ఉన్నట్టు అరబిక్‌లో నాసర్‌కు చెప్పేశాడు. నాసర్ అరవలేదు. అరిస్తే బాగుండేది. మస్తాన్‌ను ఒకసారి చూసి, "దీనికి అబద్ధం చెప్పడం రాదు. నీకు వచ్చింది. రేపు ఆఫీసుకు రా, క్యాన్సిల్ చేయిస్తా" అన్నాడు.

క్యాన్సిల్ అంటే వీసా రద్దు, ఇంటికి టికెట్టు. అది ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. సలూకీకి నీళ్లు పెట్టకుండా చంపినవాడన్న పేరు మీద పడితే ఈ చుట్టుపక్కల ఇంకే అర్బాబూ పనిలో పెట్టుకోడు. మస్తాన్‌కు వేరే పని చేతకాదు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి కుక్కలు, మేకలే. ఇంకా కొట్టుకుంటున్న దాని గుండె ఆగితే ఈయన బతుకూ అక్కడితో ఆగుతుందని నాకు అర్థమైంది.

నాకొక జబ్బుంది. రెండు మాటలు పొసగకపోతే నిద్ర పట్టదు. రక్తం అబద్ధమాడదు. ఈ మనిషి కూడా అబద్ధమాడుతున్నట్టు లేడు. అబద్ధమాడేవాడైతే తడుముకుంటాడు, ఎక్కువ మాట్లాడతాడు, తప్పు ఇంకొకడి మీదికి నెడతాడు. ఈయన అడిగినదానికి "పెట్టాను" అని మాత్రమే అంటున్నాడు. డాక్టర్‌కూ అనుమానం వచ్చినట్టుంది, "నీళ్లలో ఏదైనా కలిసిందేమో, వాళ్ల బండిలోంచి శాంపిల్ తీసుకురా" అన్నాడు. సీసా పట్టుకుని బయటికి వెళ్లాను.

బండి ఇంకా కొత్త వాసన వేస్తోంది. లోపల వెనక సీట్లో మిగతా రెండు సలూకీలు ఏసీ చల్లదనంలో పడుకుని ఉన్నాయి. ముందు సీట్ల మధ్య ఐసు పెట్టె, అందులో మంచినీళ్ల సీసాలు. కాళ్ల దగ్గర కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా, వజూ చేసుకోవడానికి చెంబు. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడమే వజూ. వెనక తొట్టిలో నమాజు చాపలు, వంట సామాను, తోలు లాగే మోటారు. కుక్కల నీళ్లు ఎక్కడా కనబడలేదు.

బండి చుట్టూ తిరిగితే కనబడింది. తొట్టి తలుపుకు బయట ఒక ఇనుప చట్రం వెల్డింగు చేయించి ఉంది, అందులో నల్లటి ప్లాస్టిక్ క్యాను తాడుతో బిగించి ఉంది. కింద అడుగు దూరంలో పొగగొట్టం. క్యాను నిండుగానే ఉంది. సీసా పెట్టి కుళాయి తిప్పాను. రెండు చుక్కలు వేళ్ల మీద పడ్డాయో లేదో చెయ్యి వెనక్కి లాక్కున్నాను. బాలింతకు పోసే నీళ్లు కూడా అంత వేడిగా ఉండవు. కొంగు అడ్డం పెట్టుకుని సీసా నింపాను.

మస్తాన్ నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఈ నీళ్లేనా పెట్టింది?"

"ఈ నీళ్లే అక్కా. పొద్దన్నే బావి నీళ్లు పట్టినా. మంచి నీళ్లే."

"తాగిందా?"

ఆయన నావైపు కొత్తగా చూశాడు. పొద్దున్నుంచి ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"తాగల్యా అక్కా. మూతి పెట్టల్యా. తక్కినవి రెండూ చెరో గుక్క తాగినాయి. ఇది వాసన చూసి తల తిప్పుకునింది. దప్పి లేదేమోలే అనుకుంటి."

"నీళ్లలో చెయ్యి పెట్టి చూసినావా?"

"కుక్క గిన్నెలో చెయ్యి యాడ పెడతా అక్కా?"

"సరే. ఈ క్యాను బయట ఎందుకు కట్టినావు? పోయినేడు యాడ పెడతాంటివి?"

పోయినేడు ఓపెన్ జీపు ఉండేదట. కుక్కలు వెనక గోనెపట్టాల నీడన పడుకునేవి, వాటి కాళ్ల దగ్గరే వాటి క్యాను. ఈ సీజన్‌కు నాసర్ కొత్త బండి కొన్నాడు, కుక్కల్ని సీటు ఎక్కించాడు. క్యానుకు చోటు వెతుక్కోవలసి వచ్చింది. లోపల అర్బాబ్ తాగే నీళ్లు, వజూ చెంబు. తొట్టిలో నమాజు చాపలు. కుక్కల క్యాను వాటి పక్కన ఎలా పెడతాడు? బజార్లో వెల్డింగ్ షాపుకెళ్లి, సొంత డబ్బులతో చట్రం చేయించి బయట కట్టాడు.

"మా జేజి కుక్కకు కుండపెంకు గడప బయటే పెట్టేది అక్కా. ఆ పెంకును ఇంట్లోకి తెస్తే ఇల్లంతా కడిగించేది. కుక్క మూతి తగిలింది మాకు పనికిరాదు. ఆయన నమాజు చేసే మనిషి. ఆయనకు దోషం తగలకూడదనే గదా నేను చేసింది."

మనుషులకే వేరే గ్లాసు చూరులో చెక్కిన ఊళ్లు నాకు తెలుసు. కుక్క క్యాను బయట కట్టినందుకు ఈయన్ని నేనేం అనగలను? కోపం రావలసిన చోట నాకు ఏడుపొచ్చినంత పనైంది. కుక్కను చూసుకునే మనిషికి దాని మీద ప్రేమ ఉంది, యజమాని మీద గౌరవం ఉంది, క్యాను నిండా నీళ్లున్నాయి. అయినా ఆ ప్రాణి నాలుక ఎండిపోయింది.

"పోయి ఇదే మాట చెప్పు ఆయనకు. నీళ్లు కాగిపోయినాయి, అందుకే తాగలేదు అని."

"ఎందుకు బయట కట్టినావంటే ఏం చెప్పాల?"

"ఉన్నదే చెప్పు."

మస్తాన్ రెండు చేతులూ జోడించాడు. "వద్దక్కా. ఆయన వాటిని మజ్లిస్‌లో, చుట్టాలు కూర్చునే గదిలో, తివాచీ మీద పండబెట్టుకుంటాడు. చేత్తో ఖర్జూరం తినిపిస్తాడు. నా కుక్క మైలదని నీకు అనిపించిందా అంటే నేనేం చెప్పేది? అంటే ఆయన తివాచీ మైల, ఆయన చెయ్యి మైల అన్నట్టే గదా. ఉప్పు తినినోడిని, ఆ మాట నా నోట రాదు. నీళ్లు పెట్టలేదనే అనుకోనీ. పోతే పోతాలే ఇంటికి."

ఇదెక్కడి మర్యాదరా నాయనా అనుకున్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పకపోతే దొంగ, చెబితే ద్రోహి.

లోపలికి వెళ్లి శాంపిల్ డాక్టర్ ముందు పెట్టాను. నాసర్ కుర్చీలో కూర్చోకుండా బల్ల పక్కనే నిలబడి రీమ్ చెవి నిమురుతున్నాడు. "నీళ్లు పెట్టాడు సార్. క్యాను బండి వెనక పొగగొట్టం మీద ఉంది. నీళ్లు కాగిపోయాయి. ఇది తాగలేదు" అన్నాను.

"బండి వెనకా?" అన్నాడు నాసర్. "అది రేడియేటర్ నీళ్లనుకున్నాను." మస్తాన్ వైపు తిరిగాడు. "లోపల అంత చోటుండగా బయట ఎందుకు కట్టావు?"

మస్తాన్ నేలచూపులు చూశాడు. నాసర్ మళ్లీ అడిగాడు.

"అయితే నిర్లక్ష్యమే. అబద్ధం కాదు, నిర్లక్ష్యం. రెండూ ఒకటే. రేపు రా."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా నోటి గురించి మా ఆయన ఇలాంటి సామెతలు చాలా చెబుతాడు. అయినా ఆగలేకపోయాను.

"నిర్లక్ష్యం కాదు సార్. మీ కోసమే బయట కట్టాడు. లోపల మీరు తాగే నీళ్లున్నాయి, మీ వజూ చెంబుంది. వాటి పక్కన దీని నీళ్లు పెట్టకూడదని ఆయన ఇంటి ఆచారం. మీకు చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు."

నాసర్ చెయ్యి రీమ్ చెవి మీద ఆగిపోయింది. "నా సలూకీ నజిసా?" అన్నాడు. నజిస్ అంటే అపవిత్రం. ప్రశ్న మస్తాన్‌నే అడిగాడు. మస్తాన్ తల ఎత్తలేదు. నాసర్ బయటికి వెళ్లి, తానే బండి నడుపుకుంటూ వెళ్లిపోయాడు. మస్తాన్‌ను ఎక్కించుకోలేదు.

"నీకు మేలు చేద్దామని కీడు చేసినట్టున్నా" అన్నాను.

"లేదులే అక్కా. రీమమ్మ బతికితే చాలు" అని గడప బయటే కూలబడ్డాడు.

రీమ్ సాయంత్రానికి తల ఎత్తింది. అయినా మాకు నమ్మకం కుదరలేదు. వడదెబ్బలో అసలు భయం కిడ్నీల గురించి. పైకి లేచి తిరిగిన జంతువు కూడా కిడ్నీలు దెబ్బతిని రెండో రోజు పోతుంది. అందుకని మా వృత్తిలో మందుకన్నా ఎక్కువగా మూత్రం కోసం ఎదురుచూస్తాం. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి అది నేల మీద మడుగు కట్టించి ఉంది, రంగు కూడా బాగుంది. ఇంకెవరైనా ముక్కు మూసుకుంటారు. నేనూ డాక్టరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. రాత్రంతా గడప బయటే ఉన్న మస్తాన్ తుడవడానికి గుడ్డ అడిగాడు. ఆ మడుగు తుడవడానికే ఆయన మొదటిసారి గడప దాటాడు.

అప్పుడే నాసర్ వచ్చాడు. రీమ్ ఆయన్ని చూసి తోకాడించింది, లేవబోయి కాళ్లు తడబడి కూర్చుంది. ఆయన దాని పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. అది ఆయన చెయ్యంతా నాకింది. నాకుతున్నంతసేపూ ఆయన చెయ్యి తీయలేదు. అయ్యాక ఆ చేతినే చూసుకుంటూ అడిగాడు.

"మస్తాన్, నా దగ్గర ఇది నీకు రెండో సీజన్. ఎడారిలో మనం ఎలా తింటాం?"

"ఒకే పళ్లెంలో అర్బాబ్."

ఇక్కడ అది మామూలే. పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం పోసి, యజమాని, పనివాళ్లు చుట్టూ కూర్చుని చేత్తో తింటారు.

"ఈ చెయ్యే ఆ పళ్లెంలో పెడతాను. ఇది నాకిన చెయ్యి."

మస్తాన్ చేతిలోని గుడ్డను మడత పెట్టాడు.

"నువ్వు తిన్నావా?"

"తిన్నాను అర్బాబ్."

"ఎలా తిన్నావు?"

"మీరు పక్కన కూర్చోబెట్టుకుని పెట్టారు. వద్దని ఎలా అంటాను?"

నాసర్ మళ్లీ రీమ్ చెవి నిమిరాడు. అరబిక్‌లో డాక్టర్‌తో ఏదో అన్నాడు. అర్థం ఏమిటని తర్వాత అడిగితే, "మా నాన్న కాలంలో సలూకీకి మా తోలుసంచిలో నీళ్లే పోసేవాళ్లం, అందరి ఆచారమూ అదే అనుకున్నాను" అన్నాడని డాక్టర్ చెప్పాడు. లేస్తూ మస్తాన్‌తో మాత్రం ఒకటే మాటన్నాడు. "అది క్యానులోంచి తాగదు, గిన్నెలోంచి తాగుతుంది. క్యాను లోపల పెట్టు." క్యాన్సిల్ మాట ఎత్తలేదు. బండి తలుపు తెరిచి, మస్తాన్ ఎక్కేదాకా ఆగాడు.

బయట చట్రం తీసేశారని ఆ తర్వాత టీకాల గురించి ఫోన్ చేసినప్పుడు మస్తాన్ చెప్పాడు. డిసెంబరులో మూడింటికీ టీకాలు వేయడానికి నేనూ డాక్టరూ వాళ్లు పరుగు పెట్టించే మైదానానికే వెళ్లాం. క్యాను ఇప్పుడు ఎక్కడ పెట్టాడో నాకు చూడాలనే ఉంది.

చలిగాలి కొడుతోంది. రీమ్ తోలు ముక్క వెనక ఒక్క పరుగు తీసి తిరిగొచ్చింది. మస్తాన్ ఒగర్పు తగ్గనిచ్చాడు. బండి లోపలి నుంచి క్యాను తెచ్చి గిన్నెలోకి వంచాడు. గిన్నె కింద పెట్టేముందు నాలుగు వేళ్లు నీళ్లలో ముంచి, కాసేపు అలాగే ఉంచి, అప్పుడు పెట్టాడు. రీమ్ గడగడా తాగింది.

నేను చూస్తున్నానని గమనించి నవ్వాడు. "ముందు నా చెయ్యి, తర్వాత దాని మూతి. ఇట్లయితే ఏం దోషం లేదక్కా. ముందే తోచల్యా."

ఎండెక్కాక నాష్టాకు చాప పరిచారు. నాసర్ అంతసేపూ సలూకీలతోనే ఉన్నాడు, ఒకటి ఒళ్లోకి ఎక్కింది, ఒకటి గడ్డం నాకింది. పళ్లెం రాగానే ఆయన లేచి బండి వెనక్కి వెళ్లాడు. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడిగి, ముఖం కడిగి వచ్చి కూర్చున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పళ్లెం నాసర్‌కు, డాక్టర్‌కు, మస్తాన్‌కు మధ్యలో పెట్టారు. నాకు విడిగా ప్లేటులో పెట్టి ఇచ్చారు. మస్తాన్ పెద్ద పెద్ద ముద్దలు కలుపుకుని తిన్నాడు. ఎముక చీకాడు. నాసర్ తన వైపు మాంసం ఆయన వైపు జరుపుతుంటే వద్దనలేదు.

తిరుగు ప్రయాణానికి మా బాక్సులు మస్తానే మోసుకొచ్చాడు. "ఏం మస్తాన్, బాగా లాగించినావే" అని ఆటపట్టించాను.

ఆయన బాక్సు కింద పెట్టి, నాసర్ దూరంగా ఉన్నాడని చూసుకుని, నెమ్మదిగా చెప్పాడు. "ఈడ కడుపు నిండా తినేది ఈ సీజన్లోనే అక్కా. ఇంతకుముందు రెండు ముద్దలు నోట్లో ఏసుకుని, సాలు అర్బాబ్ అనేవాణ్ణి. రూముకు పోయినాక రొట్టె కాల్చుకునేవాణ్ణి. మైదానంలో రెండు మూడు దినాలు ఉంటే ఖర్జూరమే."

దారి పొడుగునా అదే తలచుకున్నాను. ఆ బండిలో దప్పికతో ఒకటి, ఆకలితో ఒకరు తిరిగారు. రీమ్ తాగలేదని రక్తం తీసి, మెషిన్లో తిప్పి కనుక్కున్నాం. ఈయన తినడం లేదని పక్కన కూర్చుని ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు కూడా కనుక్కోలేదు.

కేసు తీసుకునేటప్పుడు "నీళ్లు పెట్టారా?" అని అడగడం అప్పటి నుంచి మానేశాను. పెట్టారనే చెబుతారు, అది నిజమే అయి ఉంటుంది కూడా. "తాగిందా? తాగుతుంటే మీరు చూశారా?" అని అడుగుతాను. జంతువును పట్టుకొచ్చిన పనివాళ్లను "తిన్నావా?" అని అడగడం మన తెలుగువాళ్లకు ఎలాగూ అలవాటే. తిన్నా అంటారు. అంతకుముందు ఆ మాటతో సరిపెట్టుకునేదాన్ని. ఇప్పుడు నా టిఫిన్ బాక్సు మూత తీసి, వాళ్ల ముందు పెట్టి, చెయ్యి పెట్టేదాకా చూస్తాను.